వెనక్కి ఇచ్చే బంతి

సంఘం ఆఫీసులో రాజీనామాలు పెట్టి
పదకొండు మందిమి మెట్లు దిగినాం.
చిత్తూరు పాత బస్టాండు కాడ టీ తాగి
డబ్బులు ఎవరిస్తారని
ఒకరి మొకం ఒకరం చూసుకున్నాం.
మా లీగుకు
అదే మొదటి మీటింగు.

రగ్బీ అంటే ఈ ఊర్లో
కోడిగుడ్డు బంతాట.
నేలను తాకితే ఎటు ఎగురుతాదో
దానికే తెలీదు.
పదహారేండ్లు దాని వెనకాల పరిగెత్తినోడిని,
సంఘం పెద్దలు ఎటు ఎగురుతారో
నాకెట్లా తెలుస్తాది?

వారం తిరక్కుండానే కాగితమొచ్చింది.
మాతో ఆడినోడికి సర్టిఫికెట్టు లేదు.
మాకు విజిలేసిన రెఫరీకి మళ్ళా విజిల్ లేదు.
కాలేజీ గ్రౌండు గేటుకు కొత్త తాళం,
గడ్డి పెరగాలంట.
ఆ గ్రౌండులో గడ్డిని
నేను పుట్టినప్పటినించీ చూళ్ళేదు.

ఫ్లెక్సీ కొట్టే షాజహాన్ అడిగినాడు,
"ప్రొఫెషనల్ అంటే ఏందన్నా?"
"జీతం తీసుకొని ఆడేవోళ్ళు."
"ఎవురిస్తారు జీతం?"
అంత సూటిగా
ఏ బ్యాంకోడూ మమ్మల్ని అడగలేదు.

ఇన్సూరెన్సు ఏజెంటు వీడియో చూసి
టీ కూడా తాగకుండా లేచిపోయినాడు.
అగ్రిమెంటులో మేమే రాసుకున్నాం:
ఎముక విరిగితే పుత్తూరు బస్సు చార్జీ,
కట్టు ఖర్చు, తోడొచ్చినోడి భోజనం
లీగుది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మునస్వామి నాయుడు
ఆరు టీములకూ నేనుండా అన్నాడు.
ఆ ఏడే తోతాపురి ధర
మండీలో బోర్లా పడింది.
రైతులు ట్రాక్టర్లతో రోడ్డు మీద,
నాయుడి ఫోను మూగది.
కడాకు ఒక రాత్రి లారీ వచ్చింది,
దుడ్డు బదులు గుజ్జు డబ్బాలు.
వింగులో ఆడే రహంతుల్లాకు నెల జీతం
పద్నాలుగు డబ్బాలు.
వాడు నవ్వలేదు. లెక్కబెట్టుకున్నాడు.
ఒకటి సొట్ట పోయిందని మార్పించుకున్నాడు.

ఆరు టీములు నాలుగైనాయి, నాలుగు మూడైనాయి.
మూడు టీములతో పట్టిక గీసి చూడండి,
ఎప్పుడూ ఒక టీము
గోడకు ఆనుకుని కూర్చోవాల.

మొదటి మ్యాచి ఇంకో రెండు దినాలుండగా
ఐరాల మునిచంద్ర వచ్చినాడు, రాత్రి పదిన్నరకు.
నగరిలో కుట్టించిన తొమ్మిదో నంబరు జెర్సీ
ఉతికి, ఇస్త్రీ చేసి
బట్టలకొట్టు కవర్లో పెట్టి తెచ్చినాడు.
"రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉండాది సార్.
సర్టిఫికెట్టు లేకపోతే..."
లోపలికి రమ్మన్నా రాలేదు.
నేనేం చెప్పేది?
బంతి కన్నా బియ్యం పెద్దది.
"బాగా ఆడు" అన్నాను.
ఎక్కడ ఆడమన్నానో నాకే తెలీదు.

మ్యాచి మామిడి మండీ యార్డులో.
సీజను అయిపోయినా నేలంతా పుల్లటి వాసన.
రెండు దినాలు టెంకలు ఏరినాం,
సున్నం గీతలు హమాలీలు గీసినారు.
గుడియాత్తం నించి వచ్చిన రెఫరీ
తమిళంలో తిడితే తెలుగులో బదులిచ్చినాం.
నూట పన్నెండు టికెట్లు తెగినాయి.
అందులో ముప్పై
డబ్బాలు చవగ్గా అమ్ముతారని వచ్చినోళ్ళవి.

ఈ ఆటలో ఒక చిత్రం ఉండాది.
చేత్తో బంతిని ముందుకు విసరకూడదు.
ముందుకు పోవాలంటే
వెనకాల వచ్చేవోడికే ఇయ్యాల.
వెనకాల ఎవురన్నా వస్తా ఉంటే కదా.

రెండో సగంలో ఎవడో తన్నిన తన్నుకు
బంతి గోడ దాటి అవతల పడింది.
ఉండేది ఒకటే బంతి.
ఆట ఆగింది.
రెఫరీ గడియారం చూసుకున్నాడు.
అంతలో గోడవతల నించి
బొంగరం మాదిరి తిరుగుతా,
ఒక్క వంకర లేకుండా వచ్చి
రహంతుల్లా రొమ్ముకు తగిలింది.

ఆ తిప్పుడు ఈ జిల్లాలో
ఒక్క చేతికే ఉండాది.

ఎవరం గోడెక్కి చూళ్ళేదు.