తనాజుల్

అల్ అవీర్ల గుడారాల కింద లైన్ కట్టినం.
క్షమాభిక్ష అని రాస్తరట మన పేపర్లల్ల దీన్ని.
భిక్షకు వచ్చినోళ్లమే గానీ
చేతుల జోలె లేదు, ప్లాస్టిక్ కవర్ ఉన్నది:
తారీకు చచ్చిపోయిన వీసా, రెండు ఫొటోలు,
చెమటకు నానిన పాస్‌పోర్ట్ జిరాక్స్.

కంపెనీలకెల్లి ఉరికొచ్చి తొమ్మిదేండ్లు.
ఖల్లివెల్లి అంటరు మా అసోంటోళ్లను.
ఆ మాటకు అరబ్బీల 'పోనియ్యి' అని అర్థమట.
ఎవడు పోనిచ్చిండు?
సోనాపూర్ల సైరన్ ఇనవడితె చాలు
గోడ దుంకి, చెత్తడబ్బాల చాటుకు
ఊపిరి బిగవట్టి కూసున్నోన్ని.

ఆ తొమ్మిదేండ్లు నా తోటి ఇంకొకడు గుడ ఉన్నడు.
ఎడ్ల రాజలింగు.
మొగిలి పద్నాలుగో అంతస్తు పరంజా మీదికెల్లి పడ్డనాడు
'బెల్టు ఇచ్చినం, వాడే పెట్టుకోలే' అన్న కాగితం మీద
సంతకం పెట్టినోడు.
మొగిలి పెండ్లానికి పైస రాలే.
వాడు మస్కట్ పోయిండు, సూపర్‌వైజర్ అయిండని ఇన్న.
ఖుబ్బూస్ తుంచినప్పుడల్ల వాని పేరు తుంచిన.
నమిలిన.
ఒక్కనాడన్న అరగలే.

టేబుల్ కాడ టైపు కొట్టే సుడానీ ముసలాయన
తల ఎత్తకుంటనే అడిగిండు:
ఎవని మీదనన్న నీకు బాకీ ఉన్నదా? కేసు ఉన్నదా?
లేకుంటె ఇక్కడ సంతకం, తనాజుల్.

ఎనుకకు తిరిగి యాకూబ్ చాచాను అడిగిన, అంటే ఏంది?
పరకాల దిక్కు మనిషి, క్యాంపుల నమాజు చదివిస్తడు.
"దిగుడు బిడ్డా" అన్నడు.
"వాన దిగుతది, పైనుంచి దేవుని మాట దిగుతది.
గట్లనే నీ హక్కు మీదికెల్లి నువ్వు దిగుడు."

మొగిలి పడ్డడు.
నేను దిగలే.
అదే పరంజా మీద, అదే మధ్యాహ్నం కాడ
తొమ్మిదేండ్ల సంది నిలవడ్డ.
కిందికి చూడాల్నంటె భయం.
కింద ఉన్నది మొగిలి కాదు,
ఒక కాగితం,
దాని మీద రెండో సంతకం.

నాది.

ఫోర్‌మన్ పెన్ను వానికిచ్చిండు, వాడు నాకిచ్చిండు.
మూత గుడ పెట్టలే, వేళ్లకు సిరా అంటింది.
ఎవలకు చెప్పలే ఇది.
దేవుని పటం ముందట గుడ రాజలింగు పేరే చెప్పిన.
వాన్ని తిట్టినప్పుడల్ల
నా ఏలు మీది మరక ఇంత సన్నవడేది,
తెల్లారెటాల్లకు మల్ల అట్లనే.
నా పాస్‌పోర్ట్ కఫీల్ బీరువల ఉన్నదని ఏడ్సిన.
వానిది నా రొమ్ముల పెట్టి తాళమేసుకున్నది
ఏ కఫీల్?

ముసలాయన కాగితం నా దిక్కు జరిపిండు.
సంతకం పెట్టిన. చెయ్యి వణికింది,
అక్షరం వంకర పోయింది, అయినా నా పేరే అది.

పక్కకు వచ్చి చాచా ఫోన్ల మస్కట్ నంబర్ కొట్టిన.
ఎన్నడూ రాసిపెట్టుకోలే,
మర్సిపోలే గుడ.
"ఎవలు?"
గొంతు ముసలిదయింది.
"రెండో సంతకం" అన్న.

అటు దిక్కు మిక్సర్ తిరుగుతున్న చప్పుడు.
దాన్ని బంద్ చెయ్యమని ఎవనికో చెప్పిండు.
శాన సేపు అయింది.
"మొగిలి బిడ్డ ఏం చదువుతున్నదిరా?" అని అడిగిండు.
నాకు తెల్వదు.
తొమ్మిదేండ్లు మొగిలి కోసం ఏడ్సినోన్ని,
ఆ పిల్ల పేరన్న తెల్వదు.
"కనుక్కుందాం" అన్న.
ఇద్దరినీ కలిపిన ఆ మాట
ఎట్ల వచ్చిందో, వచ్చింది.

ఔట్‌పాస్ ఇయ్యాల కాదట, ఎల్లుండి రమ్మన్నరు.
గుడారం నీడ నా కాళ్ల మీదికెల్లి జరిగిపోయింది.
కింద ఇసుక కాలుతున్నది,
కాలుతున్నదని తెలుస్తున్నది.

రోడ్డు మీద పోలీసు బండి సైరన్ ఏసింది.
చాచా ఉలిక్కిపడి నా దిక్కు చూసిండు.
నేను చెప్పుల కోసం ఎతుకుతున్న,
మెల్లగ.