ఎడమ కంటి నీలం

హన్మకొండ కంటి దవాఖానల
ఎడమ కంటికి కట్టు విప్పిన పొద్దు
మొట్టమొదట కనబడ్డది నర్సమ్మ చీర అంచు.
అంత నీలం నా పుట్టువుల చూడలేదంటే
నవ్వింది:
"రంగులద్దేటోనివి కదనే తాతా?"

అదే కదా.
కొత్తవాడల నలభై ఒక్క ఏండ్లు
జంపఖానా నూలుకు రంగు పట్టిచ్చినోన్ని.
ఓదెలు ముంచిన లడి ఎండకు వెలవదని
సొసైటీల పేరు.

కుడి కంటికి ఇంకా ఆపరేషన్ కాలె.
దవాఖాన వరండాల నిలబడి
ఒక కన్ను మూస్తా, ఒకటి తెరుస్తా.
కుడికంట్ల సున్నం గోడ పాత పోస్టుకార్డు.
ఎడమకంట్ల అదే గోడ
ఇప్పుడే పిండి ఆరేసిన ధోతి.
ఒక్క మనిషికి రెండు మధ్యాహ్నాలు.

డాక్టరమ్మ కాయితం మీద కోడిగుడ్డు లెక్క బొమ్మ గీసింది.
"ఇగో, వెనక గోడకు అంటుకున్న ఈ పలచటి పొర రెటీనా.
లోకమంత వచ్చి పడేది దీని మీదనే.
ఇది కాలితే మళ్ల నేయరాదు.
ఇన్నేండ్లు నీ పాత లెన్సు
పసుపుపచ్చగ ముదురుకుంట
కరిచే వెలుతురును చానవరకు తనే మింగింది.
కొత్తదాంట్ల జల్లెడ ఉంది, ఉన్నా గని
మిట్టమధ్యాహ్నం టోపీ, నల్లద్దాలు మరువకు.
సూర్యుని దిక్కు, వెల్డింగు దిక్కు చూడకు."

"ఆ పాతదాన్ని ఏం చేసిండ్రమ్మా?"
"మిషన్‌తోని పిండి పిండి చేసి పీల్చేసినం."

నాకెందుకో గొంతుకు అడ్డం పడ్డది.
అరవై ఆరేండ్లు నా కొరకు ఎండ తాగి తాగి
పసుపెక్కిన దాన్ని
ఒక్కసారి అరచేతుల పెట్టుకొని చూడకపోతి.

ఇంటికొచ్చినంక
మంచం కిందికెల్లి ఒక జంపఖానా గుంజిన.
సొసైటోల్లు వాపస్ పంపిన ఒకే ఒక్క సరుకు.
నేను బూడిద చారలని అద్దిన.
నీలమన్నరు వాళ్లు.
మీ కండ్లు మండ, అని తిట్టి
సైకిల్ మీద ఏసుకొని తెచ్చుకున్న.
ఇయ్యాల ఎడమకంట చూస్తే
నెమలి మెడ.
కుడికంట చూస్తే, ఒట్టు,
ఇప్పటికీ బూడిదనే.

మరి మిగిలినయన్ని ఎట్ల సరిగ్గొచ్చినయి?

పక్క బాన కాడ భూలక్ష్మి
కట్టె తిప్పుతనే ఉన్నది, తల ఎత్తలె.
"నువ్వు నీలం ఒక చెంచ ఎక్కువేసి
బీడి ముట్టిచ్చుకోను బయటికి పోతుంటివి.
నేను రెండు చెంబుల నీళ్లు, చిటికెడు నారింజ కలుపుతుంటి.
ఎనిమిదేండ్లు.
ఆ ఒక్క వారం బిడ్డ కాన్పుకు మంచిర్యాల పోయిన."
చెప్పకపోతివి?
"చెప్తే నమ్ముదువా?"

నమ్మకపోదు.
కూలి కూడ కోసేటోన్నేమో.

ఇప్పుడు పదకొండు దాటితే నల్లద్దాలు పెడుతున్న.
హోటల్ కాడ పోరగాండ్లు "ఏం హీరో" అంటున్నరు,
అననియ్యి.
పక్క దుకాణంల గ్రిల్లు మీద నిప్పు మెరిస్తే
అప్పులోడు ఎదురైనట్టు మొఖం తిప్పుకుంట.
కని లడి ఆరినంక రంగు చూడాలె కద.
అద్దాలు నెత్తికెక్కిచ్చి
రేకుల నీడల, ఐదు అంకెలు లెక్కబెట్టేంత సేపు.
"ఐదు" అంటది భూలక్ష్మి.
నాలుగుకే అంటది ఒక్కోసారి.

కుడికంటికి దసరా పోయినంక అంటున్నరు.
ఇంకొక నెల ఆగుదమన్న.
ఎందుకని అడిగితే చెప్పరాలె.

వాపస్ వచ్చిన ఆ జంపఖానాను
షెడ్డు పడమటి కిటికీకి వేలాడదీసిన.
పొద్దుగూకే ఎండ దాని సందులల్ల వడకట్టుకొని
సన్నసన్నగ బాన మీద పడుతది.
కుడికంటికి బూడిద. ఎడమకంటికి నీలం.
భూలక్ష్మి కంటికి ఏం రంగో
ఇప్పటిదాక అడగలె.