జీడి మరక కాదు

పలాసలో పిక్క కొట్టినోల్ల సేతులు
నల్లగుంటాయి. నావీ అంతే.
కణుపుల మీద పసుప్పచ్చ బొడిపెలు మాత్రం
నా ఒక్కదానికే.
జీడినూనె పొక్కులనుకున్నాను, పదేళ్లు.

బ్లేడు జారి ఎవులికైనా తెగితే
నెత్తురు పీట దాకా పారేది.
నాది సిటికెలో గడ్డకట్టేది.
"నీ నెత్తురు గట్టిదే దాలమ్మా" అనేవోరు.
ఆ మాటకి మురిసిపోయాను కూడా.

సికాకుళం పెద్దాసుపత్రిలో
నీలం మూత గొట్టంలోకి కొంత, ఎర్రమూతలోకి కొంత తీసి
సాయంత్రం కాయితం సేతిలో ఎట్టాడు ల్యాబ్ గుంటడు.
కొవ్వు నాలుగొందల పన్నెండు.
గడ్డకట్టే సరుకేదో, ఫైబ్రినోజెనంట, అదీ ఎక్కువే.
నాళం లోపలి గోడ రేగిపోతందని
ఇంకో అంకె సెప్తందంట.

"మీ నాన్న ఎన్నేళ్లకి పోయాడు?" డాక్టరమ్మ.
ముప్పై తొమ్మిది. బస్తా ఎత్తబోయి.
"మడమ వెనక ఉబ్బు ఉండేదా?"
సెప్పులు పట్టేవి కాదు అయ్యకి,
ఎనక పట్టీ కోసేసి ఏసుకునేవోడు.
వీధంతా నవ్వేది. నానూ.

"తిండితో వచ్చింది కాదమ్మా, పుట్టుకతో."
సోడంబలి తాగి బతికిన మనిషికి
కొవ్వెక్కడిదని అడగబోయి, ఊరుకున్నాను.
"పిల్లలుంటే తీసుకురా."

కాసిబుగ్గలో బస్సు దిగేసరికి దీపాలెట్టేశారు.
గోలెం కాడ సుభద్ర కాళ్లు కడుక్కుంటంది.
వంగి, మడమ తడిమాను.
"సక్కిలిగిలమ్మా!" కాలు లాక్కుంది.
మళ్లీ పట్టుకున్నాను.
మెత్తగానే ఉంది.
ఉందా?
తడి సేతికి ఏటీ తెలీదు.

తెల్లారి మొదటి బస్సు ఎన్నింటికో.