మెడ చన్నులు

కాటారం కొట్టంల నల్లమేక
మూడో ఈతకు జంట పిల్లలు.
రెంటి గొంతుకిందా
చిటికెనవేలంత కండ వేలాడుతంది.
తల్లికి లేవు. మందల దేనికీ లేవు.

పశువుల డాక్టరు కాగితంల
తండ్రి గడి ఖాళీగ ఇడిసిపెట్టి
చెవిల చుక్క నెత్తురు తీసిండు.
"జన్యువులు చూస్తెనే తెలుస్తది, హైదరాబాద్ పంపాలె."

ఓదెమ్మ పిల్ల మూతి తుడుస్తూ నవ్వింది.
దసరా ఎన్క, ఎదకొచ్చిన మేక
వాగు దాటిపోతే
మోకాటి నీళ్లల్ల రాత్రంతా వెతికింది తనే.
తెల్లారి దొరికింది
మక్కజొన్న కొయ్యకాళ్లల్ల, కండ్లు మూసుకొని,
ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ.

"అయిదు నెల్లు, ఏళ్లమీద లెక్కపెట్టు సారూ.
పాలియ్యవు, పనికిరావు
మెడ చన్నులని ఎక్కిరిస్తరు గని
అవతలొడ్డు రాజీరు పోతుకు
సంతకం రాదు,
ఏసిపోయిన ఏలుముద్రలియ్యి."

డాక్టరు పెన్ను మూత తీసిండు.