తోకల లెక్క

చీకటి గదిలో, మైక్రోస్కోపు కింద,
పచ్చగా పొడుస్తాయి తోకచుక్కలు.
స్లైడుకి వంద కణాలు. ఎన్నిటికి తోకుందో, ఎంత పొడుగో
రాసుకోవడం నా పని.

తోకచుక్క పొడిచిన ఏడు రాజుకి కీడని
మా నాయనమ్మ అనేది.
ఇవి ఎలుక మూలుగలోంచి పొడిచినవి.
కీడెవరికో ఎక్కడా రాసి లేదు.

బాగున్న కణం ఉడికిన సగ్గుబియ్యం గింజలా గుండ్రంగా ఉంటుంది.
లోపలి దారం తెగిందా,
ముక్కలన్నీ కరెంటు లాగినవైపు జారిపోతాయి,
కపిలేశ్వరపురం లాకు తలుపులెత్తినప్పుడు
గుర్రపుడెక్క కొట్టుకుపోయినట్టు.

మూడు వరసల బోనులు.
ఒక వరసకి ఉత్త నీళ్ళు. ఒకదానికి పాత మందు.
ఒకదానికి నానో. అదీ ఆ మందే,
వెంట్రుక మందంలో వెయ్యో వంతు గుళికల్లో కుక్కింది.
ఏ స్లైడు ఏ వరసదో నాకు చెప్పరు.
షంషాద్ మేడం నంబర్లు అంటించి
జాబితా బీరువాలో పెట్టి తాళమేస్తుంది.

మందు.
మనకి ఒకటే మాట,
జ్వరానికీ, సుడిదోమకీ,
మా లోవరాజు పొద్దుగూకాక పాకలో తాగేదానికీ.

లోవరాజు నా తమ్ముడు.
దాళ్వాలో రోజుకి పద్దెనిమిది ట్యాంకీలు కొడతాడు.
గాలికి ఎదురెళ్ళకురా అంటే
"గట్టెటుంటే అటే కదే నడవాలి" అంటాడు.

నిన్న తాళం తీశారు.
పాత మందు తోకలు పొడుగు.
నానోవి పొట్టి.
మోతాదు పెంచిన బోనుల్లో మాత్రం అవీ సాగాయి.
ఉత్త నీళ్ళ వరసలోనూ రెండో మూడో తోకలు,
బతికినందుకు కట్టే శిస్తేమో.

మేడం "తక్కువ" అని రాసింది.
"లేదు" అని రాయలేదు.
వాటి పిల్లల సంగతి, ఆ పిల్లల పిల్లల సంగతి
ఇందులో చూడలేదని
అడుగున చిన్నక్షరాల్లో ఇంకో వాక్యం.

రాత్రి అన్నం దగ్గర తమ్ముడికి చెప్పాను.
"అయితే కొత్తది మంచిదేనా?"
"తోక పొట్టిది."
"ఆయ్, రేటో?"
చెప్పాను. నవ్వాడు.
కంచంలో చెయ్యి కడిగి
చూపుడువేలు నా ముందు చాపాడు.
"నాదో చుక్క తీసి చూడవే, ఆ గాజుముక్క మీద."

ఎలుకలకి అనుమతి కాగితముంది, పద్నాలుగు పేజీలు.
ఈ వేలికి లేదు.

గోరు చుట్టూ పసుప్పచ్చ చార.
సబ్బు పెట్టి ఇంకోసారి కడుక్కోరా అన్నాను.

"కడిగాను కదే" అన్నాడు.