తోలుపెట్టె మూత

బిల్లింగ్స్‌లో, రైలు పట్టాల పక్క గోదాములో
డెల్ఫీన్ ఓల్డ్ క్రేన్ గీసిన బొమ్మకి
ఫ్రేము బిగిస్తున్నాను.

ఎర్ర త్రికోణం. దానికి ఎదురు నీలం.
నడుమ వెంట్రుకవాసి ఖాళీ.
ముగ్గులా ఉందనబోయి నాలుక కరుచుకున్నాను.
అందరూ ఏదోలా ఉందనే అంటారట.

"న్యూయార్క్‌లో మా మాస్టారు అడిగాడు,
ఇది ఏ యూరపువాడి త్రికోణమని.
మా అమ్మమ్మ ఎండుమాంసం దాచుకునే
తోలుపెట్టె మూత మీదిదన్నాను.
నవ్వాడు.
అబద్ధమెందుకు, ఆ ఖాళీ మాత్రం
ఆయన దగ్గర నేర్చిందే."

వెనక పేరేం రాయమన్నారు?
"పేరు లేదని రాయి."

ఆఖరి మేకు దిగుతుంటే
రంగు మరకల వేలితో అంచు తడిమింది:
"మెల్లగా కొట్టు.
లోపల చలికాలానికి సరిపడా ఉంది."