ఆకురాయి

జూన్ రెండో వారం. ఏడు కూడా కాలేదు.
హాలోవెల్ వాళ్ళ మనవడు వేడ్ నా వరండా మెట్ల కింద నిలబడ్డాడు,
టోపీ చేతిలో.
వాళ్ళ తాత మా గుమ్మంలో టోపీ తీసిన రోజు లేదు.

"మిస్ ఓర్నెట్టా, మీ దగ్గర పారలున్నాయా?
మరియానాలో షాపులన్నీ తిరిగాను, ఒక్కటీ మిగల్లేదు."

నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

తొంభై అడుగుల రెక్కల స్ప్రేయరుంది వాడికి,
గాలి ఎటు తిరుగుతుందో చెప్పే ఫోనుంది.
మందు తాగినా చావని పత్తి విత్తనం
అప్పుచేసి మరీ కొనుక్కొచ్చాడు.
కలుపు కూడా తాగడం నేర్చుకుంది.
మూడో రోజుకి తల వాల్చింది,
వారం తిరిగేసరికి పక్కనించి కొత్త కొమ్మేసి
ట్రాక్టరు అద్దంలోకి తొంగి చూసింది.
ఒకటి చాలక రెండు కలిపారు, రెండు చాలక మూడు.
పక్కవాడి సోయా ఆకులు దొప్పల్లా ముడుచుకుని
ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు.
అది మాత్రం రోజుకి రెండంగుళాలు.

పిగ్‌వీడ్. తోటకూర జాతే.
మా అమ్మ దాని లేత ఆకు పందికొవ్వేసి ఉడికించేది,
చేతిలో పైసా ఆడని నెలల్లో.
దానిమీద నాకు పగ లేదు.
పగ పార మీద.

పదకొండో ఏట ఇచ్చారు నాకు, నాకంటే పొడుగు కామ.
చీకటితో ట్రక్కెక్కి మునుం పడితే
అవతలి గట్టు కనబడేది కాదు.
రోజుకి మూడు డాలర్లు.
పొరపాటున పత్తిమొక్క తెగితే హాలోవెల్ తాత
పికప్ కిటికీలోంచి పేరు పెట్టి అరిచేవాడు.
ఆ పేరు నాది కాదు.

మందులొచ్చిన ఏడు మమ్మల్ని రావద్దన్నారు.
నిజానికి ఎవరూ అన్లేదు. ట్రక్కు రాలేదంతే.
సగం వీధి మెంఫిస్ పోయింది.
నేను బడి వంటగదిలో ముప్ఫై ఒక్కేళ్ళు.
పారని షెడ్డులో మేకుకి తగిలించి
మళ్ళీ ముట్టుకుంటే చూడమన్నాను.

ఇప్పుడా మేకు దగ్గర మేమిద్దరం.
సాలెగూడు దులిపాడు వాడు.
రేకు అరిగి అరచేయంత మిగిలింది.
చచ్చిందో లేదో తెలియని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఎక్కడ కొట్టాలి?"
మొదట్లో. మట్టికింద అంగుళం.
పైన తెగితే అది నీకే దండం పెట్టి పెరుగుతుంది.
ఆడదీ మగదీ వేరు, కంకి చేతికి గుచ్చుకుంటే ఆడది.
ఒక్కదానికి లక్షల గింజ,
దాని పక్కన ఆవగింజ గుమ్మడికాయ.
కొట్టి అక్కడే పడేశావో, వానపడితే వేరు పట్టేస్తుంది.
సంచిలో వెయ్యి. చేలోంచి మొయ్యి. కాల్చు.

గంటకెంత అన్నాడు. ఇరవై రెండన్నాను.
నోరు తెరిచి మూసుకున్నాడు.
నేను కొట్టను, నేర్పుతాను.
గట్టు మీద కుర్చీ, గొడుగు, ఐసునీళ్ళు.
నీ కూలీలందర్నీ పేరుతో పిలువు, వాళ్ళ పేర్లతో.

ఆకురాయి తీసి వాడికిచ్చాను.
ఒకవైపే రుద్దాలి, అవతలికి.
వాడు ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు.
ఇంకా చెప్పలేదు.
ఆ చప్పుడు కాసేపు విననీ.